మీట మీద టోపీ

టోపీ ఇంకా ఆ మీట మీదే వేలాడుతోంది.

పొద్దున్నే పనికి వచ్చినవాళ్ళందరూ దాన్ని చూశారు. చూసి, చూడనట్టు తల తిప్పుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. నల్ల గుడ్డ మీద తెల్లదారంతో మిరపకాయలు కుట్టిన నాలుగు పలకల టోపీ అది. ఒక మిరపకాయ తోక మిగతావాటికంటే కాస్త పొడుగు. కుట్టేటప్పుడు దారం మిగిలిందట, పారెయ్యడానికి మనసొప్పక జుమ్రద్ ఆ తోకను సాగదీసిందట. ఆ తోకను చూసి ఇది ఆమె మొగుడు తోజిబోయ్ టోపీ అని ఆ పత్తి మిల్లులో ఎవరైనా చెప్పగలరు.

మిషను లోపల చెయ్యి పెట్టేముందు మెకానిక్కు గోడమీది ఇనప మీటను కిందికి లాగి, కరెంటు ఆపి, తన టోపీ తీసి దానికి తగిలిస్తాడు. టోపీ ఉన్నంతసేపు ఆ మీటను ఎవడూ ముట్టడు. పెట్టినవాడే వచ్చి తియ్యాలి. డైరెక్టరు దిగివచ్చినా, పైన పత్తి కొండలా పేరుకుపోయినా అంతే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు, ఏ గోడమీదా రాసి లేదు. రాయలేదు కాబట్టే కాబోలు, దాన్ని ఎవరూ ఎప్పుడూ తప్పలేదు.

నిన్న టోపీ పెట్టినవాడు మళ్ళీ రాలేదు. అతణ్ణి దుప్పట్లో వేసి ఆస్పత్రికి మోసుకుపోయారు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. అందుకని టోపీ అక్కడే ఉండిపోయింది.

దాని ఎదుట అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డవాడు హోల్మత్. మరమ్మతు మేస్త్రీ. పని నేర్పే గురువని మిల్లులో అందరూ అతణ్ణి ఉస్తా అంటారు, తోజిబోయ్ మాత్రం అకా అనేవాడు, సొంత అన్నను పిలిచినట్టు. హోల్మత్ కనుబొమల మీద ఎప్పుడూ దూది పేరుకుని ఉంటుంది. దాన్ని దులుపుకునే అలవాటు మానేసి చాలాకాలమైంది. ఆ పొద్దున మాత్రం ఊరికే కనుబొమలు తుడుచుకుంటూ, తుడుచుకుంటూ నిలబడ్డాడు.

నిన్న జరిగింది ఇంతే. పత్తిలో గింజలు తీసే మూడో జిన్ను మిషనులో తడిపత్తి ఇరుక్కుని రంపపు చక్రాలు వాటంతటవే ఆగిపోయాయి. తోజిబోయ్ మీట లాగాడు, టోపీ తగిలించాడు, మూత ఎత్తి పళ్ళ మధ్య చుట్టుకున్న ముద్దను పీకడానికి చెయ్యి పెట్టాడు. అంతా పద్ధతిగానే చేశాడు. కాకపోతే ఆ మీట వసంతంలోనే చచ్చిపోయింది. కొత్త యజమానులు పైన ఒక గాజుగది కట్టి, జిన్నులన్నిటి బటన్లనూ అక్కడికి చేర్చారు. పాత మీటకు వైర్లు తెంచారు గానీ మీటను గోడకే వదిలేశారు. దీన్ని పీకైనా పారెయ్యండి, లేకపోతే కరెంటైనా ఇవ్వండి అని హోల్మత్ అప్పుడే చీఫ్ ఇంజినీరుతో చెప్పాడు. పత్తి కాలం దాటనీ చూద్దాం అన్నాడాయన. మెకానిక్కులకు తలా ఒక తాళం తెప్పిస్తాం, బటన్ల పెట్టెకు ఎవరి తాళం వాళ్ళు వేసుకోండి అని కూడా అన్నాడు. ఆ తాళాలు ఇంకా దారిలోనే ఉన్నాయి. అవి వచ్చేదాకా, ఇరుక్కున్న ప్రతిసారీ మెట్లెక్కి గాజుగదిలో చెప్పి రావాలట. పూటకు పదిసార్లు ఇరుక్కునే మిషనుకు ఎవరెక్కుతారండీ మెట్లు? అందరూ పాత పద్ధతిలోనే మీట లాగి టోపీ పెట్టేవారు. గాజుగదిలో కూర్చునే మావ్లుదా కిందికి చూసేది, టోపీ కనిపిస్తే బటను జోలికి పోయేది కాదు. మీట చచ్చినా టోపీ బతికే ఉంది.

మొన్న రాజధాని నుంచి అతిథులు వస్తున్నారని గాజుగది ముందున్న కమ్మీలకు నిలువెత్తు స్వాగతం బ్యానరు కట్టారు. అది మావ్లుదాకూ మీటకూ మధ్య అడ్డం పడింది. టోపీ కనిపించలేదు. కనిపించకపోవడమంటే లేకపోవడమే అనుకుంది పిచ్చిది. ఎందుకాగింది, ఇక్కడ పత్తి గుట్ట పడిపోతోంది అని బయట పత్తి దించే చోటి నుంచి ఫోర్‌మన్ కమోల్ ఫోనులో కేకలు పెట్టాడు. ఆమె బటను నొక్కింది. తోజిబోయ్ కేక విన్నాక మళ్ళీ నొక్కి ఆపింది గానీ, రంపం ఆపితే ఆగే జాతా? ఆ మధ్యాహ్నం ఇంటికి పోయిన మావ్లుదా తలుపు గడియ వేసుకుని, ఎవరు పిలిచినా పలకడం లేదని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఈ పొద్దున చూస్తే బ్యానరు లేదు. కమ్మీలకు తాళ్ళ ముక్కలు మాత్రం మిగిలాయి.

చీఫ్ ఇంజినీరు అన్వర్ సాబిరోవిచ్ తనే కిందికి వచ్చాడు. నెమ్మదైన మనిషి, ఎవరినీ కసిరిన పాపాన పోలేదు. ఆయన మెల్లగా మాట్లాడుతుంటే, కసిరేవాడైనా బాగుండు అనిపిస్తుంది.

“హోల్మత్ ఉస్తా, ఆ పాత ఇనుమును అక్కణ్ణుంచి తీసేసి గోడ పూడ్చెయ్యండి. తనిఖీకి వస్తున్నారు.”

“టోపీ ఉంది కదా సార్.”

“టోపీ కూడా తియ్యండి.”

“పెట్టినవాడే తియ్యాలి.”

“పెట్టినవాడికి చెయ్యి లేదు కదా, ఉస్తా,” అన్నాడు అన్వర్. వెటకారంగా అనలేదు, నిజంగా జాలిపడుతూనే అన్నాడు. తర్వాత హోల్మత్ భుజం మీద చెయ్యి వేసి, పింఛనుకు ఎంతో దూరం లేదు కదా అని, ఈ లోయలో ఇంకో మిల్లు కూడా లేదు కదా అని కుశలం అడిగినట్టే అడిగి వెళ్ళిపోయాడు.

హోల్మత్ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎదురు తిరగాలనిపించింది. కాళ్ళు మాత్రం పనిముట్ల పెట్టె వైపు నడిచాయి. చెప్పిన పని చెయ్యడం అలవాటైన కాళ్ళు అవి, యజమాని మనసును అడగవు.

ముందు టోపీ తీశాడు. తీసి, దులిపి, చొక్కా లోపల గుండె దగ్గర దోపుకున్నాడు. ఇన్నేళ్ళలో మరొకడి టోపీని మీట మీంచి తీయడం అతనికి అదే మొదటిసారి. నలుగురూ చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగాడు, ఎవరూ చూడటం లేదు. అది ఇంకా సిగ్గనిపించింది.

మీట గోడకు నాలుగు బోల్టులతో ఉంది. మూడు తుప్పుపట్టి రాయిలా బిగుసుకున్నాయి. డీజిల్ పోసి నాననిచ్చి, పానా వేసి, పానాకు గొట్టం తొడిగి బరువంతా వేస్తే ఒకటి కిర్రుమని కదిలింది. మిగతా రెంటికీ ఉలి పెట్టి తలలు నరకాల్సి వచ్చింది. ప్రతి దెబ్బకూ మీట తనంతట తానే పైకీ కిందికీ ఊగి టక్కుమంది. ఆ టక్కు చప్పుడు వింటే చాలు, మిల్లులో మెకానిక్కులకు ఊపిరి నిమ్మళిస్తుంది. వైర్లు లేకపోయినా చప్పుడు మాత్రం అదే చప్పుడు. ‘చచ్చినదానివి చచ్చినట్టు ఉండక ఎందుకు పలికావే’ అని హోల్మత్ మనసులో దాన్ని తిట్టుకున్నాడు.

ఊడిన మీటను పెరట్లో తుక్కు గుట్టమీద పడేశాడు. బకెట్లో జిప్సం కలిపి, గట్టిపడేలోపు కన్నాల్లో కూరి, తాపీతో సాపు చేశాడు. పని బాగా కుదిరింది. ఏ పని చేసినా బాగా చెయ్యడమే తప్ప పాడుచెయ్యడం అతనికి చేతకాదు, ఏం చేస్తాం. పాత గోడమీద అరచెయ్యంత తెల్లటి మచ్చ మిగిలింది.

సాయంత్రం భార్య ఖుమ్రి ఎముకల పులుసు కాచి, గిన్నెకు మూతపెట్టి గుడ్డకట్టి ఇచ్చింది. రెండు రొట్టెలూ, దానిమ్మ పళ్ళూ సంచిలో పెట్టుకుని హోల్మత్ ఆస్పత్రికి వెళ్ళాడు.

తోజిబోయ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. హోల్మత్‌ను చూడగానే, పెద్దవాడు వస్తే ఎవరైనా చేసినట్టే, కుడిచెయ్యి గుండెమీద ఆనించి వంగబోయాడు. కట్టు కట్టిన మొండిచెయ్యి సగం దూరం లేచి అక్కడ ఆగిపోయింది. అతను దాన్ని చూసుకున్నాడు. తర్వాత ఎడమచేత్తో దాన్ని పట్టుకుని మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

“దీనికింకా తెలియదు అకా, తను లేదని,” అని నవ్వాడు.

హోల్మత్ సంచి కింద పెట్టాడు. పులుసు గిన్నె విప్పి మంచం పక్కనున్న జుమ్రద్ చేతికిచ్చాడు. ఆమె ఒక్కొక్క చెంచా నోటికి అందిస్తుంటే తోజిబోయ్ సిగ్గుపడుతూ తాగాడు. జుమ్రద్ ఏడవడం లేదు. పత్తి కాలంలో ఆమె కూడా మిల్లుకే వస్తుంది, బేళ్ళు కట్టే చోట పని. చేతులు మగవాడి చేతుల్లా గట్టిగా ఉంటాయి. ఆ చేతులతో చెంచాను కిందికి ఒలక్కుండా పట్టుకుంది.

ముగ్గురు పిల్లల్నీ పుట్టింట్లో వదిలి వచ్చానని, పెద్దది బడికి పోనని మొండికేస్తోందని ఆమె చెప్పింది. మిల్లు నుంచి ఎవరైనా వచ్చారా అని హోల్మత్ అడిగాడు. కమోల్ వచ్చాడట, సంచి నిండా ఆపిల్‌పళ్ళు తెచ్చాడట, తల ఎత్తకుండా కూర్చుని పోయాడట.

హోల్మత్ చొక్కాలోంచి టోపీ తీశాడు. తోజిబోయ్ దాన్ని అందుకున్నాడు.

“మీరు తీశారా?”

“తీశాను తమ్ముడూ.”

“మీరు కాబట్టి సరిపోయింది. ఇంకెవడైనా అయితే ఊరుకునేవాణ్ణి కాదు.” టోపీని ఎడమచేత్తో తిప్పి తిప్పి చూశాడు. “నేను మీట లాగాను అకా. టక్కుమంది. నా చెవులతో విన్నాను. అది చచ్చిన మీట అని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ చప్పుడు వింటే చాలు, నా చెయ్యి దానంతటదే లోపలికి పోతుంది. మీరే నేర్పారు కదా, మీట, టోపీ, ఆ తర్వాతే చెయ్యి అని.”

“నేనే నేర్పాను,” అన్నాడు హోల్మత్.

“దాన్ని తీసెయ్యమని మీరు అన్వర్‌తో అన్నప్పుడు నేను పక్కనే ఉన్నా. తనిఖీవాళ్ళకు ఆ సంగతి చెబుతారు కదా? తప్పంతా నాదే అంటే పింఛనూ రాదు, ఉద్యోగమూ ఉండదు. కుంటి గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారు?”

చెబుతాను అన్నాడు హోల్మత్. ఆ మీట ఇప్పుడు గోడకు లేదని, తనే పీకానని మాత్రం చెప్పలేకపోయాడు. కక్కలేక మింగలేక, దానిమ్మపండు ఒలుస్తూ కూర్చున్నాడు. ఒలిచిన గింజలన్నీ మంచంమీద దొర్లిపోతుంటే జుమ్రద్ ఏరి గిన్నెలో వేసింది.

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు. ఎందుకు దొర్లుతున్నావని ఖుమ్రి అడిగితే చెప్పేశాడు. ఆమె లేచి కూర్చుంది. తిడుతుందనుకున్నాడు, నోరు మూసుకుని పింఛను దాకా నెట్టుకురమ్మంటుందనుకున్నాడు. అలా అంటే బాగుండు, ఆమె మీద నెట్టెయ్యవచ్చు. “పూడ్చిన చేత్తోనే చూపించు మరి,” అని మాత్రం అని, అటు తిరిగి పడుకుంది.

తనిఖీ అధికారి రెండో రోజున వచ్చాడు. సన్నగా, కడుపునొప్పి మనిషిలా ఉన్నాడు. ఆయన కోసం పెద్ద కళాయిలో గొర్రెమాంసం పులావు వండించారు. ఆయనేమో ఆకుపచ్చ టీ తప్ప ఏమీ వద్దన్నాడు. పులావు కమోలూ, గుమాస్తాలూ తిన్నారు. అధికారి మిల్లంతా తిరిగాడు, గాజుగదిలో కూర్చుని చూశాడు, కిటికీలోంచి కిందికి చూశాడు. అక్కణ్ణుంచి చూస్తే ఇప్పుడు అంతా శుభ్రంగా కనిపిస్తోంది, తాళ్ళ ముక్కలు కూడా లేవు.

ఒక్కొక్కళ్ళనే పిలిచి అడిగాడు. కమోల్ ఏం చెప్పాడో గానీ బయటికి వచ్చేటప్పుడు హోల్మత్ కళ్ళల్లోకి చూడలేదు. హోల్మత్ వంతు వచ్చింది. అన్వర్ సాబిరోవిచ్ కిటికీ దగ్గర నిలబడి వేళ్ళతో అద్దం మీద మెల్లగా తాళం వేస్తున్నాడు.

తోజిబోయ్ మీ శిష్యుడే కదా, నియమం ప్రకారం పైకి వచ్చి చెప్పకుండా ఎందుకు చెయ్యి పెట్టాడు అని అధికారి అడిగాడు.

“మీట లాగి, టోపీ పెట్టి, చెయ్యి పెట్టాడండి.”

“ఏ మీట? అక్కడ మీట ఏదీ లేదు. టోపీ మేకుకు తగిలించాడని అంటున్నారు.”

“ఉండేది. మొన్న నేనే పీకాను.”

అద్దం మీది తాళం ఆగింది. హోల్మత్‌కు ఒళ్ళంతా చెమట పట్టింది. అయినా ఒకసారి తెగించాక నోరు ఆగదు కదా. వసంతంలో వైర్లు తెంచిన సంగతీ, తను అడిగిన సంగతీ, రాని తాళాల సంగతీ, బ్యానరు సంగతీ అన్నీ చెప్పాడు. ఎవరు పీకమన్నారో కూడా చెప్పాడు. ఇంత పెద్ద మాట తన నోట్లోంచి వస్తుందని అతనికే తెలియదు. చెబుతుంటే భయం పోయి, ఎన్నాళ్ళగానో లేని హాయి కలిగింది.

అధికారి లేచి కిందికి వచ్చాడు. గోడమీది తెల్లమచ్చను బొటనవేలితో నొక్కి చూశాడు. హోల్మత్ ఆగలేదు, పెరట్లోకి పరుగెత్తి, తుక్కు గుట్ట తవ్వి, ఆ మీటను వెతికి తెచ్చాడు. గోడకు ఆనించి పట్టుకున్నాడు. మీట అడుగు పలక అంచులు ఆ జిప్సం మచ్చకు సరిగ్గా సరిపోయాయి.

“గోడ ఎప్పుడూ మరమ్మతు చేస్తూనే ఉంటామండీ,” అన్నాడు అన్వర్. “ఆ ఇనుము ఏ కాలం నాటిదో. ఉస్తా మనసు బాగా లేదు, శిష్యుడంటే ప్రాణం ఆయనకు. ఎందుకూ ఇదంతా, దెబ్బతిన్నవాడినే అడగండి.”

అధికారికి ఆ మాట న్యాయంగానే తోచింది. హోల్మత్‌కు ఇంకా న్యాయంగా తోచింది. తోజిబోయ్ నోటితోనే విందురు గాని పదండి అన్నాడు. ముగ్గురూ అన్వర్ కారులో బయలుదేరారు. వెనక సీటులో హోల్మత్ ఒళ్ళో తుప్పుపట్టిన మీట, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. దారి పొడవునా పొలాల్లో పత్తి ఏరుతున్నారు. ఎవరో అమ్మాయి కారుకు చెయ్యి ఊపితే హోల్మత్ కూడా ఊపాడు.

ఆస్పత్రి గదిలో జుమ్రద్ టీ పోస్తోంది. లోపలికి వచ్చినవాళ్ళను చూసి ఆమె చేతిలోని కూజా అలాగే ఉండిపోయింది. గిన్నె నిండి, పొంగి, పళ్ళెంలోకి కారింది.

“తోజిబోయ్ తమ్ముడూ, ఇదిగో చూడు,” అని హోల్మత్ మీటను మంచంమీద పెట్టాడు. “వీళ్ళు లేదంటున్నారు. నువ్వే చెప్పు.”

తోజిబోయ్ మీటను చూడలేదు, ఎదురుగా ఉన్న గోడను చూశాడు.

“అక్కడ మీట ఏదీ లేదండి,” అన్నాడు. “మేకు ఉండేది. మేకుకు పెట్టాను. పైకి వెళ్ళి చెప్పాలని తెలుసు. బద్ధకించాను.”

బయట వరండాలో ఎవరో దగ్గుతున్నారు.

“తోజి,” అన్నాడు హోల్మత్. “టక్కుమందన్నావు కదరా. చెవులతో విన్నానన్నావు.”

“జ్వరంలో ఏదో వాగి ఉంటాను అకా.”

అధికారి కాసేపు మీట వైపూ, మొండిచెయ్యి వైపూ చూశాడు. ఆయన పిచ్చివాడేం కాదు, ఆయనకు అంతా అర్థమైందని హోల్మత్‌కు తెలుస్తూనే ఉంది. అంతా తెలిసినవాడు కూడా ఏమీ చెయ్యకుండా ఉండగలడని అతనికి ఆ పూటే తెలిసింది.

“చెయ్యి పోయినవాడే మీట లేదంటుంటే నేనేం చెయ్యను ఉస్తా?” అని, కడుపు పట్టుకుని లేచాడు అధికారి.

జుమ్రద్ తల వంచుకుని పళ్ళెంలో కారిన టీని గుడ్డతో అద్దుతోంది, అక్కడ తడి లేకపోయినా అద్దుతూనే ఉంది. హోల్మత్ గడప దాటుతూ ఒకసారి వెనక్కి చూశాడు. తోజిబోయ్ కళ్ళు గోడమీదే ఉన్నాయి గానీ, మొండిచెయ్యి మాత్రం లేచి గుండెమీద ఆని ఉంది. దానికింకా తను లేదని తెలియదు కాబోలు.

బయట కారు వెళ్ళిపోయింది. మీట లోపలే ఉండిపోయింది. హోల్మత్ పొలాల గట్ల మీదుగా నడిచే ఇంటికి పోయాడు.

మర్నాడు పని లోంచి తీసేస్తారనే అనుకుని, పెట్టెలో తన సొంత పానాలు వేరుగా సర్దుకున్నాడు. ఎవరూ తీసెయ్యలేదు. పత్తి కాలం నడుమన హోల్మత్‌ను పంపేస్తే రంపాలు ఎవడు చూస్తాడు? అన్వర్ సాబిరోవిచ్ ఎదురుపడి, ఆరోగ్యం ఎలా ఉందని ఎప్పటిలాగే మెల్లగా అడిగాడు. నీ మాటకు అంత విలువే లేదు పొమ్మన్నట్టు ఉంది ఆ అడగడం. హోల్మత్‌కు తోజిబోయ్ మీద పట్టరాని కోపం వచ్చింది. వెధవ, నేను తల తాకట్టు పెట్టి మాట్లాడితే నన్ను అబద్ధాలకోరును చేస్తాడా అని పళ్ళు నూరుకున్నాడు. కోపం ఉన్నంతసేపే కాస్త బలంగా ఉంది. అది తగ్గితే ఏమీ మిగలదని భయపడి, దాన్ని ఆరిపోయే పొయ్యిని ఊదినట్టు ఊదుకుంటూ రెండు రోజులు గడిపాడు.

మూడో జిన్ను మళ్ళీ ఇరుక్కుంది. ముందురోజు వాన పడింది, పత్తి తడిగా వచ్చింది. బెల్టు కాలిన వాసన వేసి చక్రాలు గుంజుకుని ఆగాయి. హోల్మత్ చేతులు తుడుచుకుని, అలవాటు కొద్దీ గోడవైపు నడిచాడు. ఎదురుగా తెల్లమచ్చ. చెయ్యి గాలిలో ఆగింది. అప్పటికి తెలివి తెచ్చుకుని, గాజుగదికి చెప్పి రావడానికి మెట్లెక్కాడు. మావ్లుదా మళ్ళీ రాలేదని తెలుసు, ఆమె చోట ఎవరినో కూర్చోబెట్టారని విన్నాడు. ఎవరైతే నాకేం అనుకుని అడగలేదు.

తలుపు తోసి చూస్తే బటన్ల ముందు జుమ్రద్ కూర్చుని ఉంది.

బేళ్ళ దగ్గర కట్టుకునే పాత రుమాలే తలకు కట్టుకుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. అతన్ని చూసి లేచి నిలబడింది. హోల్మత్‌కు అంతా ఒక్కసారిగా అర్థమైంది. గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఊదుకున్న కోపం ఎక్కడికి పోయిందో వెతికినా దొరకలేదు.

“అబద్ధం చెప్పించింది నేనే అకా,” అంది జుమ్రద్. “ఆయన ఒప్పుకోలేదు. మీ పేరే చెప్పి ఏడ్చాడు. మీరు తనిఖీ ఆయన్ని తెచ్చిన ముందు రాత్రి అన్వర్ వచ్చాడు, తప్పు తనదేనంటే ఈ కుర్చీ నాకు, ఏడాదంతా జీతం అన్నాడు. ఆయన చెయ్యి ఇక రాదు. ఇదే ఆ చెయ్యి అనుకున్నా.”

“నాతో ఒక్క మాట అనాల్సింది.”

“అంటే మీరు చెప్పకుండా ఉండేవారా?”

హోల్మత్ అద్దంలోంచి కింది తెల్లమచ్చ వైపు చూశాడు. ఉండేవాణ్ణేమో. ఎవరికి తెలుసు.

మూడో జిన్ను ఇరుక్కుంది, నేను లోపల చెయ్యి పెడుతున్నాను అని చెప్పాడు. జుమ్రద్ తలాడించి, పక్కనున్న సంచిలోంచి ఒక టోపీ తీసింది. ఉతికి, ఆరేసి, పలకలు మడతపెట్టి తెచ్చింది. మిరపకాయ తోక దగ్గర ఒక గోధుమరంగు మరక మాత్రం పోలేదు. మూడో జిన్ను ఆకుపచ్చ బటను మీద దాన్ని బోర్లించింది. బటను కనిపించకుండా పోయింది.

“ఆయన పంపించాడు. అకా లోపల ఉన్నంతసేపు ఇది బటను మీద ఉండాలన్నాడు. మీరు బయటికొచ్చి చెప్పేదాకా నేను ముట్టను.”

హోల్మత్ కిందికి దిగాడు. మూత ఎత్తి, రంపాలు కదలకుండా చెక్క అడ్డు పెట్టి, చెయ్యి లోపలికి పోనిచ్చాడు. పళ్ళ మధ్య తడిపత్తి తాడులా పురి తిరిగి ఉంది. రోజూ అయితే రెండు గుంజులకు పీకేసేవాడు. ఇవాళ పోగు పోగుగా లాగాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేదు. దూది పట్టిన ముఖం కదా, చూసినవాళ్ళు ఏ దుమ్మో పడిందనుకుంటారు. మీట లేదు, తాళం లేదు, ఇక్కడ ఉన్నది ఒక పాత టోపీ, దాని మీద నమ్మకం పెట్టుకున్న ఇద్దరు మనుషులు. అంతకుమించి తన ప్రాణానికి అడ్డం ఏమీ లేదని అతనికి తెలుసు. అయినా చెయ్యి భయపడకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు.

పని అయ్యేసరికి పైన కమోల్ గొంతు వినిపిస్తోంది. పత్తి ఆగిపోయిందని, ఇంకా ఎంతసేపని కేకలు. హోల్మత్ చేతులు దులుపుకుని మెట్లెక్కాడు. గాజుగదిలో కమోల్‌తో పాటు అన్వర్ సాబిరోవిచ్ కూడా ఉన్నాడు. జుమ్రద్ కుర్చీలో నిటారుగా, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ముఖం పాలిపోయింది.

“ఏమిటమ్మా ఈ గుడ్డ?” అన్నాడు అన్వర్ మెల్లగా. “రంపం ఆగి ఎంతసేపయింది? తీసి నొక్కు.”

ఆమె కదలలేదు. “పెట్టినవాళ్ళే తియ్యాలి,” అంది, వినబడీ వినబడనట్టు.

“పెట్టింది నువ్వే కదా.”

“టోపీ మా ఆయనది.”

అన్వర్ ఆమెవైపు చూశాడు. కోపంగా చూడలేదు. కుర్చీవైపూ, ఆమెవైపూ, మళ్ళీ కుర్చీవైపూ చూశాడు అంతే. ఆ చూపుకు అర్థమేమిటో హోల్మత్‌కు బాగా తెలుసు. మరొక్క నిమిషం ఆమె ఇలాగే కూర్చుంటే ఈ కుర్చీ పోతుంది. తోజిబోయ్ చెయ్యీ పోయి, చెప్పిన అబద్ధమూ పోయి, ఏమీ మిగలదు. ఒకడి టోపీని ఒకసారి తీశాను, చచ్చినా మళ్ళీ తీయకూడదని మీట పీకిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు హోల్మత్. ఎంత ఒట్టు, ఎంత పౌరుషం!

ముందుకు వంగి, టోపీని రెండు చేతులతో బటను మీంచి ఎత్తాడు. తన టోపీ తీసి జేబులో కుక్కుకుని, తోజిబోయ్ టోపీని తన తలమీద పెట్టుకున్నాడు. కాస్త బిగుతుగా ఉంది.

“నేను బయటికి వచ్చాను చెల్లెమ్మా,” అన్నాడు. “నొక్కు.”

జుమ్రద్ అతని తలమీది టోపీని చూసింది. తర్వాత తొడ కింద నుంచి చెయ్యి తీసి, బటను నొక్కింది. కింద మూడో జిన్ను మూలిగి, పుంజుకుని తిరగడం మొదలుపెట్టింది. అన్వర్, కమోల్ వెళ్ళిపోయారు. ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించాలంటే దగ్గరికి రావాలి. హోల్మత్ టోపీ తీసి, మడతపెట్టి, ఆమె సంచి మీద పెట్టాడు.

“రేపు కూడా తెస్తాను అకా,” అంది జుమ్రద్.

“తే తల్లీ,” అన్నాడు హోల్మత్. “మర్చిపోకుండా తే.”